దూదిలో దొరికిన ఆట

తనది కాని వస్తువును తిరిగి ఇచ్చేయాలని మొదటి రోజు నుంచీ అంటూ వచ్చిన మనిషి, దాన్ని అన్నేళ్లు ఒడిలో పెట్టుకుని ఎందుకు కూర్చుంటుంది? ఈ ప్రశ్న చాలా కాలంగా నా దగ్గరే ఉంది. అత్తనే అడిగి ఉండవచ్చు, అడిగితే చెప్పేదేమో. వెళ్లిన ప్రతిసారీ ఇంకోసారి అడుగుదాంలే అనుకుని తిరిగొచ్చాను. ఇప్పుడు అడగడానికి అత్త లేదు.

ధర్మవరంలో మా కాలేజీ స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతూ ఉండగా నాయన ఫోన్ చేశాడు. "మీ అత్త పోయినాది పాపా," అన్నాడు. అన్నం తిని, గోడకు ఆనుకుని కూర్చుని, కూర్చున్నట్టే పోయిందట. నాయన వెనకాల ఎవరో బిందె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "బండికి టైమయితాంది, వచ్చేయ్," అని పెట్టేశాడు.

పెనుకొండ దాకా ప్యాసింజరు బండిలో నా ఎదురుగా ఒక పెద్దామె కూర్చుంది. చాలాసేపు నన్నే చూసి, "ఎవురన్నా పోయినారా మ్మా?" అని అడిగింది.

"మా అత్త."

"మొగుని తల్లా?"

"కాదు. మా నాయన అక్క."

"అట్లయితే ఏడ్చు," అంది. అనుమతి ఇచ్చినట్టుగా చెప్పి, తన సంచీ ఒళ్లోకి లాక్కుని కిటికీ వైపు తిరిగింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. అత్త కోసం ఏడవాలంటే ముందు అత్త ఏమనుకుంటూ బతికిందో తెలియాలి కదా అనిపించింది. తెలియకుండా ఏడిస్తే అది నాకోసం ఏడ్చుకున్నట్టే.

చదివే మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. హిందూపురం బజారు వెనక సందులో పరుపులు, దిండ్లు కుట్టే చిన్న అంగడి ఉండేది. ముందు గదిలో దూది, వెనక గదిలో సంసారం. ఆ వీధి వాళ్లకు ఆమె పరుపులామె. మాది దూదేకుల కుటుంబం. పేర్లు సాయిబుల పేర్లు, ఇంట్లో మాటా పాటా అంతా తెలుగే. అత్తను పెనుకొండ నుంచి హిందూపురం ఇచ్చారు. పిల్లలు కలగలేదు. నేను డిగ్రీ చదివింది ఆ ఇంట్లో ఉండే. రాత్రి నా పుస్తకాల మీద, పొద్దున నా జడలో, మధ్యాహ్నం నా అన్నం డబ్బాలో, అన్ని చోట్లా దూది పోగులు ఉండేవి. కాలేజీలో నన్ను ఎవరూ దూదేకులదని అనలేదు కానీ, ఎవరైనా అంటారేమోనని నేనే ముందుగా దులుపుకునేదాన్ని.

మామను గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు. నా చిన్నప్పుడు మామ, అత్త కలిసి ఇళ్లకు పోయి పరుపులు ఏకేవాళ్లు. ఇంటి ముందు గుడ్డ పరిచి, అణిగి గట్టిపడిన పాత దూదిని దాని మీద పోసేవాళ్లు. మామ చేతిలో మనిషంత విల్లు. దాని నరాన్ని దూదికి ఆనించి, కట్టెతో కొట్టేవాడు. టంయ్ మని మోగేది. దూది పైకి ఎగిరేది. ఆ ఎగిరిన దూది కింద పడేలోపల అత్త తన చేతిలోని సన్నటి వెదురు బద్దతో దాన్ని పక్కకు లాగి, ఏకని దూదిని నరం కిందికి తోసేది. మళ్లీ మామ కొట్టేవాడు. ముందుగా చెయ్యి పెడితే దెబ్బ తగులుతుంది. ఆలస్యమైతే విడిపోయిన దూది మళ్లీ కలిసిపోతుంది. వాళ్లిద్దరూ పని చేసేటప్పుడు మాట్లాడుకోవడం నేను చూడలేదు. అవసరం ఉండేది కాదు.

పని అయ్యాక మాత్రం మామ నోరు ఊరుకునేది కాదు. "మీ అత్త పక్కన లేకుంటే ఈ దూదంతా నా నెత్తిన పడి, సంక్రాంతి గొర్రె మాదిరి అయ్యేటోణ్ని పాపా," అనేవాడు. "ఇప్పుడేమన్నా తక్కువుండావా?" అనేది అత్త, ఆయన మీసాల్లోని పోగులు చూపిస్తూ.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడే పక్క సందులోకి దూది ఏకే మిషను వచ్చింది. అందరూ మామ కూలబడతాడు అనుకున్నారు. ఆయన మొదటి రోజే తన దూది మూటలు మోసుకుని పోయి ఆ మిషనులో వేయించుకొచ్చాడు. "నా భుజానికి ముక్తి," అన్నాడు. విల్లు గోడకెక్కింది. కుట్టడం మటుకు ఇద్దరూ కలిసే. నేను ఇంటర్ చదివేటప్పుడు ఆయన జ్వరం వచ్చి పోయాడు. దినాలు గడిచాక అత్త అంగడి తెరిచింది. మూటలు మిషనుకు పంపేది, వచ్చిన దూదిని ఒక్కతే నింపేది, ఒక్కతే కుట్టేది. నేను వచ్చి చేరింది ఆ తర్వాతే. నాకు తోడుగా ఆమె అని అందరూ అనుకున్నారు. ఆమెకు తోడుగా నేను అని నాయన అనుకున్నాడు. ఎవరు ఎవరికి ఎంత తోడయ్యామో చెప్పలేను. నేను ఎప్పుడూ పుస్తకంలో తల పెట్టుకుని ఉండేదాన్ని.

అత్తకు రెండు మాటలు ఉండేవి. ఏదైనా తేలని విషయం వస్తే, అది నా పరీక్ష ఫలితం కానీ, సంబంధం వాళ్ల జవాబు కానీ, "దూది ఎగరనీ, తర్వాత చూద్దాం," అనేది. రెండోది వృత్తికి సంబంధించింది. పాత పరుపులు విప్పితే ఏవేవో బయటపడతాయి. పిన్నీసులు, ముక్కుపుడక, దువ్వెన ముక్క, ఒకసారి కట్టుడు పళ్లు. ఏది దొరికినా కడిగి, గుడ్డలో కట్టి, ఆ ఇంటికి పోయే పరుపుతో పాటే పంపేది. "దూదిలో దొరికింది దూదితో పాటే పోవల్ల," అనేది.

నేను యూనివర్సిటీలో చేరిన తర్వాత, ఒక ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు జరిగింది ఇది. బజారులో పెద్ద బట్టల అంగడి ఉన్న శెట్టిగారి ఇంటి నుంచి పరుపులు వచ్చాయి. అత్త ఒక పరుపు మూల దగ్గర ఆగి నన్ను పిలిచింది.

"పాపా, ఈడికి రా. ఈ కుట్టు చూడు."

మూలలో జానెడు మేర ఎర్ర దారంతో కుట్టి ఉంది. వంకర టింకరగా, ఒక చోట దట్టంగా, ఒక చోట వదులుగా.

"నువ్వు కుట్టింది కాదా?"

"నేను ఇట్ల కుడితే మీ మామ లేచొస్తాడు."

ఆ కుట్టు విప్పి చెయ్యి పెట్టింది. స్కూలు పిల్లలు వేసుకునే తెల్ల మేజోడు ఒకటి వచ్చింది, బరువుగా. అందులో అరచేతిలో పట్టేంత వీడియో గేము. చిన్న తెర, రెండు పక్కలా బొత్తాలు. అత్త రేడియో అనుకుంది. నేను బొత్తాం జరపగానే తెర వెలిగి, డప్పు లాంటి మోత మొదలైంది. అత్త చెయ్యి వెనక్కి లాక్కుని, తర్వాత నవ్వింది. "దీనికి ప్రాణం ఉండాది పాపా," అంది.

ఆ సాయంత్రమే దాన్ని గుడ్డలో చుట్టుకుని శెట్టిగారి ఇంటికి పోయాం. ఇంటి పెద్దామె వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. అత్త విషయం చెప్పింది. పెద్దామె పిల్లలను పిలిచింది. ఇద్దరు మనవళ్లు, ఒక మనవరాలు. ఆ అమ్మాయికి పన్నెండేళ్లుండవచ్చు.

"ఎవురిది ఇది?"

మగపిల్లలు ఇద్దరూ దాని మీద పడ్డారు. "ఎవరిది అవ్వా? మాకియ్యమను అవ్వా," అన్నారు. అమ్మాయి స్తంభం దగ్గర నిలబడి, "మనది కాదు," అంది.

"మా ఇంట్లో ఇట్లాంటివి లేవమ్మా," అంది పెద్దామె. "ఇంకెవరి పరుపులోదో కలిసిపోయింటాది. దుడ్లు పెట్టి కొన్న వస్తువు మాదిరే ఉండాది. నీకే ఇచ్చినాడేమో దేవుడు, ఆడుకో పో." ఆమె నవ్వింది. పనిమనిషి కూడా నవ్వింది.

మగపిల్లల చేతిలోంచి అత్త దాన్ని మెల్లగా తీసుకుంది. "మీది కాదు గదా నాయనా," అంది. మళ్లీ గుడ్డలో చుట్టింది.

సందు మలుపు తిరిగాక అత్త చెప్పింది: "ఆ పాపదే."

"ఎట్ల చెప్తావు?"

"మొగపిల్లోళ్లు ఇద్దరూ దాన్ని చూసినారు. ఆ పాప నన్ను చూసింది."

"మరి ఆ మాట ఆడనే చెప్పింటే?"

"చెప్తే? యాడిది అంటారు. ఎవురిచ్చినారు అంటారు. దానికి జవాబు ఉండింటే పరుపులో పెట్టి యాల కుడతాది?" కొంత దూరం నడిచి, "వస్తాదిలే. అంగడి యాడుండాదో ఆ పాపకు తెలుసు," అంది.

ఆ పాప రాలేదు. ఆ వారం రాలేదు, నా సెలవులు అయిపోయేలోపు రాలేదు. దసరాకు నేను మళ్లీ వచ్చేసరికి ఆ వస్తువు కుట్టు సామాన్ల డబ్బాలోంచి అత్త ఒడిలోకి వచ్చింది. మధ్యాహ్నం, ఎండకు ఎవరూ రాని వేళ, దూది మూటకు వీపు ఆనించి ఆడుతోంది. నన్ను చూసి సిగ్గుపడింది. "ఊరికే పెడితే ఏ వస్తువైనా చెడిపోతాది పాపా. ఆ పాప వచ్చేసరికి పని చేయల్ల గదా," అంది.

ఆట పేరు ఏమిటో నాకు తెలియదు. తెర మీది అక్షరాలు చైనావో జపానువో. ఆట మాత్రం అర్థమైంది. పై నుంచి రంగురంగుల బిళ్లలు వరుసలుగా దిగుతుంటాయి. కింద చిన్న ఫిరంగి. మోత ఆగకుండా సాగుతుంటుంది, అందులో దెబ్బ పడిన ప్రతిసారీ తెర అంచు వెలుగుతుంది, ఫిరంగి రంగు మారుతుంది. సరిగ్గా దెబ్బ పడిన క్షణంలో బొత్తాం నొక్కితే గుండు పోయి అదే రంగు బిళ్లలను తాకి, అవి మాయమవుతాయి. దెబ్బ తప్పి నొక్కితే గుండు బూడిద రంగు రాయిగా మారి, పైన అతుక్కుంటుంది. రాళ్లు పేరుకుపోయి కిందికి దిగాయంటే ఆట అయిపోయినట్టే. రంగు చూసి గురి పెట్టాలి, చెవి పెట్టి నొక్కాలి. రెండూ ఒక్కసారి.

అత్త తెర నిండా రాళ్లే.

"మోత పడినప్పుడే నొక్కల్ల అత్తా."

"నొక్కతానే ఉండా."

"నువ్వు తర్వాత నొక్కతాండావు."

"తర్వాత గాక, ముందే నొక్కతారా యాడన్నా?"

"ముందు కాదు. అప్పుడే."

"అప్పుడే అంటే చేతికి తగలదా పాపా?"

నేను నవ్వాను. బొత్తాం నొక్కితే చేతికి ఏం తగులుతుంది? అత్త కూడా నవ్వింది, కానీ ఆమె బొటనవేలు మాత్రం దెబ్బ పోనిచ్చి, ఆ తర్వాతే పడేది. ప్రతిసారీ అంతే ఎడంతో. తడబాటు అయితే ఒకసారి ముందు, ఒకసారి వెనక పడాలి. ఇది అలా కాదు.

ఆటలో ఇంకో సంగతి ఉంది. మొదలుపెట్టగానే మూడు వరుసలు కనిపిస్తాయి. ఎవరు ఎంతవరకు ఆడారో అది గుర్తుపెట్టుకుంటుంది. మొదటి వరుసలో ఆట చాలా దూరం పోయి ఉంది. అది ఆ అమ్మాయి ఆడిన ఆట. అత్త రెండో వరుసలో ఆడేది. "అది పాప ఇల్లు. మనం పక్కింట్లో ఉందాం," అనేది. ఒకసారి ఆ అమ్మాయి ఎందాకా పోయిందో చూద్దామని నేను మొదటి వరుస తెరవబోతే నా చెయ్యి పట్టుకుంది. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపడం నాకు గుర్తున్నంతలో అదొక్కసారే. సెల్లులు అయిపోతే పాప ఆట చెరిగిపోతుందని ఆమె భయం. కొత్త సెల్లులు ఎప్పుడూ డబ్బాలో సిద్ధంగా ఉండేవి. చెరగదని నేను చెప్పాను. నమ్మకంగా చెప్పలేకపోయాను కాబట్టి ఆమె నమ్మలేదు.

శెట్టిగారి ఇంటి వైపు పని పడినప్పుడల్లా అత్త కొంచెం నిదానంగా నడిచేది. స్కూలు వదిలే వేళకు అంగడి మెట్ల మీద కూర్చునేది. ఒకసారి ఆ అమ్మాయి స్నేహితురాళ్లతో సందులోంచి పోతూ కనిపించిందట. "చూసిందా నిన్ను?" అని అడిగాను. "చూడనట్ల పోయింది. బో గట్టిగా చూడనట్ల పోయింది," అని మురిసిపోతూ చెప్పింది.

మరుసటి ఎండాకాలం నాకు ఒక ఆలోచన వచ్చింది. చెవి ఆమెను వెనక్కి లాగుతోందని, కన్ను అయితే సరిగ్గా చూస్తుందని. మోత పూర్తిగా తగ్గించి ఇచ్చాను. "తెర అంచు వెలిగినప్పుడు నొక్కు, అంతే," అన్నాను.

అత్త నొక్కింది. బిళ్లలు రాలాయి. మళ్లీ రాలాయి. అన్ని నెలలుగా దాటని మొదటి మెట్టు దాటింది, వెంటనే రెండోదీ దాటింది. నేను చప్పట్లు కొట్టాను. అత్త ముఖం వైపు చూస్తే అక్కడ ఏమీ లేదు.

"ఏమైనాది అత్తా?"

"ఏం లేదు పాపా. ఎవురూ లేనట్ల ఉండాది."

మోత పెంచుకుంది. దెబ్బ, ఆ వెనక ఆమె వేలు. దెబ్బ, వేలు. రాళ్లు పేరుకుంటున్నాయి. అప్పుడు కనిపించింది నాకు, ఆమె చేతిలో లేని వెదురు బద్ద. మామ కొట్టాక, దూది ఎగిరాక, అది పడేలోపల. ఆ చెయ్యికి తెలిసిన చోటు అదొక్కటే.

ఇలా రాసి, మళ్లీ అనుమానపడుతున్నాను. సాహిత్యం చదువుకున్న వాళ్లకు ప్రతిదానిలోనూ అర్థం చూసే జబ్బు ఉంటుంది. వయసు మీద పడ్డ ఆడమనిషి వేలు కొంచెం నిదానంగా పడింది, అంతే కావచ్చు. అయితే కన్నుతో ఆడినప్పుడు ఆ నిదానం ఏమైంది? దీనికి జవాబు దొరకదు. ఆ రోజు నేను ఆమెను ఏమీ అడగలేదు. లేచి టీ పెట్టాను.

నాకు ధర్మవరంలో ఉద్యోగం వచ్చాక హిందూపురం పోవడం తగ్గింది. ఒక ఆదివారం పోయేసరికి ముందు గదిలో అత్త పరుపు మీద వంగి కుడుతోంది. పక్కన ఇంకా పరుపులు. గుడ్డ చారలు చూడగానే గుర్తుపట్టాను. శెట్టిగారింటి పరుపులు మళ్లీ ఏకడానికి వచ్చాయి.

"ఏం కుడతాండావు అత్తా?"

"మూల."

దబ్బనంలో ఎర్ర దారం ఉంది.

నేను పక్కన కూర్చున్నాను. సామాన్ల డబ్బా తెరిచే ఉంది, అందులో ఆ వస్తువు లేదు. "చేతికే ఇద్దామా? నేను పోయి ఎవరూ లేనప్పుడు ఆ పాపను పిలుస్తా," అన్నాను.

"ఇప్పుడు పాప యాడిది? పెద్దదైపోయింటాది. నువ్వు పోయి పిలిస్తే పదిమంది చూస్తారు. దూదిలో దొరికింది దూదితో పాటే పోవల్ల."

"ఇంకా ఆడుకుంటాదంటావా?"

"ఆడుకుంటే ఆడుకుంటాది. లేకుంటే ఊరికే పెట్టుకుంటాది. ఆ పాపది ఆ పాపకు చేరల్ల, అంతే."

"మరి నీకో?"

దబ్బనం గుడ్డలో గుచ్చి అలాగే ఉంచింది. "నేను ఇన్నాళ్లు ఆడితి గదా," అంది. తర్వాత, "ఆ కొస పట్టుకో, జారతాంది," అంది. నేను కొస పట్టుకున్నాను. ఆమె దబ్బనం లాగే వరకు ఆగి, దారం బిగించే లోపల గుడ్డ సర్దాలి. రెండుసార్లు తొందరపడ్డాను. మూడోసారికి కుదిరింది.

తోపుడు బండి అతను వచ్చి పరుపులు ఎక్కించుకుంటూ, ఎర్ర కుట్టు ఉన్నదాన్ని విడిగా పెట్టాడు. "ఇది ఇంటికి గాదమ్మా. లారీలో ధర్మవరం పోతాది, వాళ్ల ఆడబిడ్డ ఇంటికి. తక్కినవే ఈడ," అన్నాడు.

అత్త చెయ్యి ఆ పరుపు మీద పడింది. "ఆ ఇంటి పాప యాడుండాదప్పా ఇప్పుడు?"

"ఎవురు, మనవరాలా? అనంతపురంలో చదువుకుంటాండాది, హాస్టల్లో. సెలవులకు వస్తాంటాది. ఆడికీ పోతాంటాది, మేనత్త గదా."

నేను అత్త వైపు చూశాను. విప్పితే ఎంతసేపు? నాలుగు కుట్లు. చెయ్యి తీసేసి, "తడవనీకప్పా," అంది. బండి సందు దాటే వరకు గుమ్మంలోనే నిలబడింది. "యాల ఆపలేదు అత్తా?" అని అడిగితే, "దూది ఎగరనీ పాపా," అంది, లోపలికి పోతూ.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఎలా గడిచాయో నాకు తెలియదు, నేను అక్కడ లేను. ఒక సంక్రాంతి సెలవుకో దేనికో పోయినప్పుడు అంగడి వేళ కాని వేళ మూసి ఉంది. తలుపు తట్టితే చాలాసేపటికి తీసింది. పడుకుని లేచిన ముఖం కాదు. లోపల దీపం లేదు, రేడియో లేదు. ఏం చేస్తున్నావని అడిగితే "కూసోనుండా," అంది.

నాకు కష్టంగా అనిపించి, ఉద్యోగం మీద బెంగళూరు పోయిన స్నేహితురాలితో చెప్పి అలాంటిదే కొత్తది తెప్పించాను. అదే ఆట దొరకలేదు, అలాంటిది దొరికింది. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతికే ఇచ్చింది.

"ఇది నాదే గదా?"

"నీదే. నీకోసమే తెచ్చినా."

"అట్లయితే దీనికోసం ఎవురూ రారు గదా పాపా," అంది.

నన్ను నొప్పించాలని అన్న మాట కాదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. ఆ వస్తువు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. కొన్నాళ్లకు మోకాళ్లు సహకరించక అత్త అంగడి మూసేసి పెనుకొండ చేరింది. నాయన దగ్గర, పుట్టిన ఇంట్లో, ఎవరికీ అడ్డం రాకుండా బతికింది. పండక్కి పోతే నా కొడుకు పక్కన కూర్చుని వాడి ఫోను ఆటలు చూసేది. వాడు ఇస్తానంటే వద్దనేది. వాడు ఆడుతుంటే మాత్రం బాగా చూసేది.

అత్తను పెనుకొండలో మామ పక్కన కాదు, తన తల్లి పక్కన పెట్టాం. మామ హిందూపురంలో ఉన్నాడు. ఇలా ఎందుకు చేశామని తర్వాత నాయనను అడిగితే, "ఎవురూ అడగలేదు గదమ్మా," అన్నాడు. ఎవరిని అడగాలి? అత్త చెప్పి పోలేదు.

నలభయ్యో రోజుకు అత్త పేరు మీద ఒక ఆడమనిషికి చీర పెట్టాలని నాయన అన్నాడు. అంగడి పక్కింట్లో ఉంటూ అత్తకు దిండ్లు నింపడంలో సాయం చేసిన ముసలామెకు పెడదామని నేను హిందూపురం పోయాను. చీర కొనడానికి శెట్టిగారి బట్టల అంగడికే పోయాను. కావాలని పోయానా అంటే, అవునేమో.

గోడ మీద ఆ ఇంటి పెద్దామె ఫోటోకు దండ వేసి ఉంది. బల్ల వెనక ముప్పై దాటిన ఒకామె చురుగ్గా లెక్కలు చూస్తూ, చీరలు తీయిస్తూ ఉంది. చీరలు పరుస్తున్న అతన్ని మెల్లగా అడిగాను. "పెద్ద శెట్టిగారి మనవరాలు మ్మా. ఇప్పుడు అంగడంతా ఈమే చూసుకుంటాది," అన్నాడు.

చీర తీసుకున్నాను. దానికి సరిపడే జాకెట్ గుడ్డ కావాలన్నాను. ఆమే గుడ్డ తాను దించి, కొలిచి, కత్తెర తీసుకుంది.

"మీకేనా అక్కా?" అని అడిగింది.

"కాదు. మా అత్త పోయింది. ఆమె పేరు మీద పెట్టడానికి."

"అయ్యో. ఎవురక్కా మీ అత్త?"

"వెనక సందులో పరుపులు కుట్టేది. పరుపులామె అనేవాళ్లు."

కత్తెర గుడ్డలో సగం దాకా పోయి ఆగింది. ఆమె తల ఎత్తలేదు. ఆ తానులో అక్కడ ఒక మడత కూడా ఉంది. మడత వచ్చిన చోట ఎవరైనా కత్తెర ఆపి సర్దుకుంటారు. ఆమె వేలితో ఆ మడతను సాపు చేసింది, నెమ్మదిగా, అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువ సేపు, లేదా నాకు అలా అనిపించింది. తర్వాత కత్తిరించింది. "మా ఇంటి పరుపులు కూడా ఆమే కుట్టేది," అంది. గుడ్డ మడిచి, చీరలో పెట్టి, సంచీలో వేసి ఇచ్చింది.

ఇంకా ఏదైనా అంటుందని నిలబడ్డాను. నేను ఏదైనా అడుగుతానని ఆమె నిలబడిందేమో. నా వెనక ఎవరో పిల్లల గౌన్లు చూపించమన్నారు.

ధర్మవరంలో మేనత్త ఇంటికి పోయినప్పుడు ఆమె ఆ పరుపు మూల ఎప్పుడైనా విప్పిందా, విప్పకుండానే అది ఎవరి వీపు కిందనో ఇప్పటికీ ఉందా, నాకు తెలియదు. అత్త అన్నేళ్లు కూర్చున్నది మామ విల్లు దెబ్బ కోసమా, ఆ పాప అడుగుల చప్పుడు కోసమా, అదీ తెలియదు. ఒక్కోరోజు మొదటిది అనిపిస్తుంది, ఒక్కోరోజు రెండోది. ఆ బల్ల దగ్గర నేను నోరు తెరిచి అడిగి ఉండాల్సిందా, అడక్కుండా రావడమే సరా, అది కూడా తేల్చుకోలేకపోతున్నాను. కళ్లు మూస్తే అత్త ముఖం కన్నా ముందు ఆ కత్తెరే కనిపిస్తోంది, గుడ్డ సగం తెగి, సగం తెగకుండా.